ఒకరి కొలతకు కుట్టే బొంత: రెండు పాత చీరలతో క్రిస్మస్ కానుక

డిసెంబరు వచ్చిందంటే సెమీ క్రిస్మస్ వేదికల మీద దుప్పట్లు పంచడం చాలా సంఘాల్లో మామూలే. అందరికీ ఒకే రంగు, ఒకే సైజు, ఒకే ఫొటో. ఆ దుప్పటి చలి ఆపుతుంది, కాదనలేం. కానీ పుచ్చుకున్న మామ్మగారి మంచం ఎంత పొడవో, ఆవిడ చేతులు ఆ దుప్పటిని పిండగలవో లేవో ఇచ్చినవాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఇక్కడ చెప్పేది దానికి ఎదురు దారి. సంఘంలోనో మీ వీధిలోనో ఉన్న ఒకే ఒక్క మనిషిని ఎంచుకుని, దగ్గరకెళ్లి చూసి, ఆ మనిషి కొలతకు బొంత కుట్టడం. కావలసినవి రెండు నూలు చీరలు, రెండు వందల మీటర్ల దారం. రోజుకు గంట చొప్పున కూర్చుంటే నెల పడుతుంది. క్రిస్మస్‌కి చేతికందాలంటే నవంబరు మొదటి వారంలో చీరలు నానాలి.

బొంత తెలియనివాళ్లు తక్కువే అయినా ఒక మాట. గొంగడి గొర్రెబొచ్చుతో నేసేది. బొంత అలా కాదు, వాడి మెత్తబడిన నూలు గుడ్డల్ని పొరలు పొరలుగా పరిచి, అన్నిటినీ కలిపి చేత్తో కుట్టేది. కన్నడిగులు కౌది అంటారు, బెంగాలీల కాంథాదీ ఇదే వంశం. మన పత్రికల్లో ‘అతుకుల బొంత’ అంటే తిట్టు. అసలు బొంతను కప్పుకున్నవాళ్లెవరూ ఆ మాటని తిట్టుగా వాడరు.

సూది కన్నా ముందు: చూడటం

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పే ఊరి తబితా, అంటే దొర్కా, చనిపోతుంది. పేతురు వచ్చేసరికి విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను చూపిస్తారు. మన సంఘాల్లో స్త్రీల సమాజాలకు దొర్కా పేరు పెట్టుకున్నాం గానీ ‘తమతో ఉన్నప్పుడు’ అన్న ముక్కని మాత్రం దాటేస్తాం. ఆమె పంపించలేదు. వాళ్లతో ఉండి కుట్టింది. ఎవరి భుజం ఎంతో ఆమెకు తెలుసు.

మంచి సమరయుని కథలో (లూకా 10) యాజకుడూ చూశాడు, లేవీయుడూ చూశాడు, సమరయుడూ చూశాడు. ముగ్గురికీ వాడిన మాట ఒక్కటే. తేడా ఆ తర్వాత ఉంది. సమరయుడు జాలిపడి దగ్గరకు వెళ్లాడు. జాలి చెడ్డదేం కాదు. దూరంగా నిలబడి పడే జాలితో మాత్రం కొలతలు దొరకవు.

కాబట్టి మొదటి పని ఒకసారి, కుదిరితే రెండుసార్లు, ఊరికే వాళ్లింటికి వెళ్లడం. ‘మీకు బొంత కుడతాం’ అని మొదటి రోజే చెప్పకండి. చెబితే ‘ఎందుకమ్మా, ఉన్నాయిలే’ అన్న మర్యాద మాట తప్ప ఇంకేం రాదు. కూర్చుని మాట్లాడుతూ గమనించాల్సినవి ఇవి:

- పడుకునేది ఎక్కడ? నులక మంచమా, నవారు మంచమా, బల్ల మీదా, నేల మీదా? నులక మంచమైతే కింద నుంచి చలి కొడుతుంది. అప్పుడు కప్పుకునేదానికన్నా పరుచుకునేది అవసరం.
- మంచం పొడవు, వెడల్పు. టేపు తీయక్కర్లేదు. జాన తొమ్మిది అంగుళాలు. మంచం పట్టె మీద చెయ్యి ఆనించి మాట్లాడుతూనే ఎనిమిది జానలు లెక్కపెడితే ఆరు అడుగులు. మీ జాన ఎంతుందో ముందు ఇంట్లో స్కేలుతో ఒకసారి చూసుకోండి, అందరిదీ తొమ్మిది ఉండదు.
- ఉతికేది ఎవరు? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. నాలుగు పొరల బొంత పొడిగా ముప్పావు కేజీ దాకా ఉంటుంది. తడిస్తే మూడు నాలుగింతలవుతుంది. కీళ్లవాతంతో వేళ్లు వంగిన మనిషి ఆరు పొరల బొంతను పిండలేదు. ఆవిడే ఉతుక్కోవాలంటే ఆరు పొరలది ఒకటి కాకుండా మూడు పొరలవి రెండు కుట్టండి. చలి ఎక్కువైతే రెండూ కప్పుకుంటుంది.
- చూపు ఎలా ఉంది? మసకైతే తలవైపు అంచుకు కొట్టొచ్చినట్టు కనిపించే రంగు వేయాలి. రాత్రి చీకట్లో చేత్తో తడిమి గుర్తుపట్టడానికి ఒక మూల చిన్న గుడ్డ చెవి కుట్టాలి.
- పక్క తడిసే ఇబ్బంది ఉందా? ఇది అడగరు, గమనిస్తారు. ఉంటే పెద్ద బొంత ఒకటి కాదు, మూడడుగుల పొడవు, రెండున్నర వెడల్పులో చిన్న పక్కబొంతలు రెండు మూడు ఇవ్వాలి. ఒకటి ఆరుతుంటే ఇంకోటి ఉండాలి.

రెండోసారి వెళ్లినప్పుడు అడగండి. బర్తిమయి గుడ్డివాడని అక్కడున్న అందరికీ కనిపిస్తూనే ఉంది. అయినా యేసు ‘నేను నీకేమి చేయగోరుచున్నావు’ అని అతణ్ణే అడిగాడు (మార్కు 10). మన వాడుకలో ఆ ప్రశ్న ఇలా ఉంటుంది: “మామ్మగారూ, రాత్రిళ్లు చలి ఎక్కడ పట్టుకుంటోంది, నడుం కిందా, కాళ్లకా?” ఈ ఒక్క ప్రశ్నతో పరుచుకునేదా కప్పుకునేదా తేలిపోతుంది. “మీకేం కావాలి?” అని మొత్తంగా అడిగితే జవాబు రాదు. అడగడంలో కూడా కొలత ఉండాలి.

ఎవరి చీర?

ఇక్కడ ఒక ముల్లు ఉంది, దాన్ని దాటకుండా ముందుకు పోలేం. మన దగ్గర పాత బట్టలివ్వడం అంటే పైవాళ్లు కిందివాళ్లకు పడేయడం. పనిమనిషికి, పాలేరుకి, ‘తక్కువ’ అనుకున్నవాళ్లకి. కులం వాసన ఆ అలవాటులో ఇంకా పోలేదు. మీరు ప్రేమతో కుట్టినా, పుచ్చుకునేవాళ్ల వెనక ఆ చరిత్ర ఉంటుంది. దానికి మూడు దారులున్నాయి.

అన్నిటికన్నా మంచిది వాళ్ల చీరలతోనే కుట్టడం. పెట్టె అడుగున చిరుగుపట్టిన నూలు చీరలు లేని ఇల్లుండదు. “మీ చీరలు రెండు ఇవ్వండి మామ్మగారూ, బొంత కుట్టిస్తాను” అంటే అప్పుడు మీరిచ్చేది గుడ్డ కాదు, పని. ఆవిడ కట్టుకున్న చీరే ఆవిడకి తిరిగొస్తుంది. పోయిన తల్లిదో అక్కదో చీర ఇస్తే ఇంకా విలువ. కానీ పోయినవాళ్ల బట్ట కప్పుకోవడం కొందరికి ఇష్టం ఉండదు, మీరుగా ఆ మాట ఎత్తకండి.

రెండోది, మీ చీరలు. అప్పుడు వాటిలో మంచివి తీయండి. మీరు ఇంకా కట్టుకోగల చీర అయితేనే. పారేయబోయే చీరతో కుట్టిన బొంత ఎంత అందంగా వచ్చినా ఆరు నెలల్లో చిరిగి సంగతి తానే చెప్పేస్తుంది.

మూడోది, కొత్త గుడ్డ. ఆప్కోలోనో చేనేత దుకాణంలోనో గళ్ల నూలు గుడ్డ పైపొరలకు, పల్చటి మల్ నూలు గుడ్డ లోపలికి కొనొచ్చు. కొత్తది సూదికి గట్టిగా ఉంటుంది. రెండుసార్లు ఉతికాకే కత్తెర పెట్టాలి, లేకపోతే కుట్టాక ముడుచుకుపోతుంది.

రంగు విషయంలో ఊహలు వద్దు. విధవరాలు కదా అని తెల్లదీ లేతదీ ఎంచడం మనం చేసే తప్పు. ఆవిడకు కనకాంబరం రంగు ఇష్టమేమో. అడగండి.

చీర పరీక్ష

మంగళగిరి, వెంకటగిరి, మామూలు మిల్లు నూలు, ఏదైనా సరే నూటికి నూరుపాళ్లు నూలై ఉండాలి. అనుమానం ఉంటే అంచు దగ్గర నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని అంటించండి. నూలు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలియెస్టర్ ముడుచుకుని గట్టి పూసలా మిగులుతుంది. చలికాలం పెద్దవాళ్లు కుంపటి దగ్గరో పొయ్యి దగ్గరో బొంత కప్పుకునే కూర్చుంటారు. పాలియెస్టర్ మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. అందుకే లోపలి పొరకైనా అది వద్దు. పైగా చెమట పీల్చదు.

తర్వాత ఫాల్ విప్పేయండి. జరీ అంచు ఉంటే కత్తిరించి పక్కన పెట్టండి. ముసలివాళ్ల పల్చటి చర్మాన్ని జరీ గీరుతుంది, పైగా అంచు బిగువుగా నేసి ఉంటుంది కాబట్టి ఉతికాక మిగతా గుడ్డతో సమానంగా కుదించుకోక బొంత అక్కడ వంకర తిరుగుతుంది.

చీరని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకోండి. గుడ్డ జల్లెడలా కనిపించే చోట సుద్దతో సున్నా చుట్టండి. సాధారణంగా అరిగేది కూర్చునే భాగం, కాళ్ల కింద నలిగే అడుగు అంచు, పైటకి పిన్నీసు గుచ్చే చోటు. రెండు బొటనవేళ్లతో పట్టి మెల్లగా లాగితే పోగులు జరిగే గుడ్డ లోపలి పొరకు పనికొస్తుంది. చర్రున చిరిగేది దేనికీ పనికిరాదు.

ఇక ఉతకడం. వేడినీళ్లలో సబ్బుతో గంటసేపు నానబెట్టి గంజి పూర్తిగా వదిలించాలి. గంజి మిగిలితే సూది దిగదు, తర్వాత పురుగు పడుతుంది. తడి చీర మీద తెల్లగుడ్డ గట్టిగా రుద్దండి. రంగు అంటితే మళ్లీ ఉతకండి. మూడో ఉతుక్కి కూడా అంటితే ఆ చీరని ఈ పనిలోంచి తప్పించండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని అందరూ చెబుతారు. కారే రంగుని అది నమ్మకంగా ఆపదు. లోపలి పొరలో పెట్టినా సరే, మొదటి ఉతుకులో రంగు పైకి పాకుతుంది.

లెక్కలు

చీర పొడవు ఐదున్నర మీటర్లు, వెడల్పు దాదాపు 45 అంగుళాలు. మూడు భాగాలు చేస్తే ఒక్కోటి సుమారు 72 అంగుళాల ముక్క, అంటే ఆరడుగులు. రెండు చీరలకు ఆరు ముక్కలు.

కప్పుకునే బొంతకు నాలుగు పొరలు చాలు: మంచి చీరలోంచి పైపొర, అడుగు పొర, రెండో చీరలోంచి లోపలివి రెండు. మిగిలిన రెండు ముక్కల్లో మంచిది అంచుపట్టీలకు, రెండోది మాసికలకు. పరుచుకునేదానికి ఆరు పొరలు బాగుంటాయి. పాడేరు, అరకు, లంబసింగి వైపు గానీ ఆదిలాబాద్ వైపు గానీ కప్పుకోవడానికే ఆరు పొరలు కావాలి. అప్పుడు అంచులకు మూడో చీర తీయాలి. ఆరు దాటితే చేతిసూదితో సాగదు, మణికట్టు పట్టేస్తుంది.

పొడగరి అయితే ఆరడుగుల బొంతలోంచి పాదాలు బయటికొస్తాయి. పాదాల వైపు తొమ్మిది అంగుళాల ముక్క అన్ని పొరలకూ అతికి, ఆ అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా రెండేసి అంగుళాలు జరపండి. ఒకేచోట పడితే గట్టుకట్టి ఒత్తుకుంటుంది.

దారం లెక్క కూడా చూద్దాం. పూర్తయిన బొంత 70 అంగుళాల పొడవు, 43 వెడల్పు. అంగుళానికో వరుస చొప్పున నిలువుగా 43 వరుసలు, ఒక్కోటి 70 అంగుళాలు. మొత్తం 3,010 అంగుళాలు, అంటే 76 మీటర్లు. కుట్టు పైకీ కిందికీ దిగేందుకు, ముడులకు కలిపి వంద మీటర్లు. రెండు పోగులు కలిపి కుడతాం కాబట్టి రెండు వందలు. నూలు దారమే తీసుకోండి. నైలాన్ దారం తెగదు నిజమే, కానీ అది తెగకుండా మెత్తటి పాత గుడ్డని కోసేస్తుంది. సూది రెండు అంగుళాల లోపు, సన్నగా, కన్ను పొడవుగా ఉండాలి. గోనెసంచులు కుట్టే దబ్బనం జోలికి పోవద్దు, అది చేసే కన్నం మళ్లీ మూసుకోదు.

పరచడం, టాకాలు వేయడం

ముక్కల్ని కత్తిరించకండి, చింపండి. అంచు దగ్గర అంగుళం కత్తెరతో గాటుపెట్టి రెండు చేతులా లాగితే నూలు గుడ్డ పేక వెంటే తిన్నగా చిరుగుతుంది. కత్తెర వంకర పోయినా పోగు వంకర పోదు.

నేల కడిగి ఆరాక అడుగు పొరని తలకిందులుగా, అంటే మంచివైపు నేలకు తగిలేలా పరవండి. నాలుగు మూలలా బియ్యం డబ్బాలో, పొత్రమో పెట్టి బిగించండి. దాని మీద లోపలి పొరలు, అరిగినచోట ముందే అరచేతంత మాసికలు పెట్టి. ఆపైన పైపొర, మంచివైపు మీకు కనిపించేలా. ప్రతి పొరనీ మధ్యలోంచి అంచులకు అరచేత్తో తోస్తూ సాపు చేయాలి. నొక్కి లాగొద్దు. లాగిన గుడ్డ రాత్రికి తన కొలతకు తాను వెళ్లిపోతుంది, తెల్లారి చూస్తే ముడతలు.

ఇప్పుడు టాకాలు, అంటే పొరలు జరగకుండా వేసి చివర్లో విప్పేసే కుట్లు. అరచేయి పొడవు కుట్లు, ఎర్రటి వదులు దారంతో. మధ్యలో మొదలుపెట్టి నాలుగు దిక్కులకూ, ఆపైన మూలలకూ, చివరికి నాలుగేసి అంగుళాల గళ్లలా. ఎందుకు మధ్యనుంచి? సూది ముందుకు పోయే కొద్దీ పైపొరని కాస్త కాస్త తోస్తూ పోతుంది. అంచుల నుంచి లోపలికి వస్తే తోసుకొచ్చిన గుడ్డంతా నడిమధ్యలో ఉబ్బుగా నిలుస్తుంది. మధ్యనుంచి బయటికి వెళ్తే ఆ ఎక్కువ గుడ్డ అంచులు దాటి పోతుంది, దాన్ని తర్వాత కత్తిరించుకోవచ్చు. కింద చాప ఉంటే మధ్యమధ్యలో ఎత్తి చూడండి. బొంతతో పాటు చాపనీ కుట్టేయడం కొత్తవాళ్లకు ఒకసారైనా తప్పదు.

కుట్టు

పైపొరకి గళ్ల చీరో చారల చీరో పెట్టి ఉంటే గీతలు గీసుకోనక్కర్లేదు, ఆ గళ్ల వెంటే పోవచ్చు. లేకపోతే దారానికి చాక్‌పీసు రుద్ది, ఇద్దరు రెండు కొసలూ బిగించి పట్టుకుని మధ్యలో మీటితే తిన్నని గీత పడుతుంది.

దారం మూరన్నరకు మించొద్దు. పొడుగైతే చిక్కుపడటమే కాదు, అన్నిసార్లు గుడ్డలోంచి దూరి దూరి నూగు రేగి చివర్లో తెగుతుంది. ముడి వేసి, పైపొర కింద సూది దూర్చి కాస్త దూరంలో పైకి తీసి చిన్నగా గుంజితే ముడి లోపలికి జారి దాక్కుంటుంది. వేసేది మామూలు రన్నింగ్ కుట్టు, అంగుళానికి మూడు. కుడిచేయి పైన సూది నడుపుతుంటే ఎడమచేయి బొంత కింద ఉండాలి. సూది మొన ఎడమ చూపుడువేలికి చుక్కలా తగిలిన మరుక్షణం దాన్ని పైకి తిప్పాలి. ఆ తాకిడి తెలియలేదంటే అడుగు పొర కుట్టులో పడలేదని అర్థం. సూదికి నాలుగైదు కుట్లు ఎక్కించుకుని ఒకేసారి లాగండి. లాగాక, కుట్టిన చోట గుడ్డని రెండు చేతులా సాగదీసి వదలండి. దారం తనకు కావలసినంత వదులు తీసుకుంటుంది. ఈ సాగదీత మానేస్తే బొంత మొత్తం మీద మూడు నాలుగు అంగుళాలు కుదించుకుపోతుంది.

మొదటి వరుస నడిమధ్యన, తర్వాతవి దానికి అటూ ఇటూ మార్చి మార్చి. ఒకే వైపు కుట్టుకుంటూ పోతే గుడ్డ ఆ వైపే జరిగి బొంత పలకలా కాకుండా పక్కకు వాలిపోతుంది. కొత్తవాళ్లకు ఒక వరుసకు పాతిక నిమిషాలు పడుతుంది. నలభై మూడు వరుసలకు పద్దెనిమిది గంటలు, టాకాలూ అంచులూ కలిపితే పాతిక గంటలు. అలసిన చేత్తో కుట్టిన వరుస తెల్లారి తెలిసిపోతుంది కాబట్టి రోజుకు రెండు వరుసలతో ఆపేయడం మేలు.

వరుసకో ప్రార్థన చేసుకునే అలవాటు కొన్ని స్త్రీల సమాజాల్లో ఉంది. మంచిదే. వరుస మొదలెట్టేటప్పుడు ఆ మనిషి పేరు, ఆ మనిషి గురించి మీకు నిజంగా తెలిసిన ఒక్క సంగతి తలుచుకోండి. మోకాలి నొప్పి, దుబాయ్‌లో ఉన్న కొడుకు, ఆవిడ పాడే పాత కీర్తన. పది వరుసలకే తెలిసిన సంగతులు అయిపోతే, మీరు ఇంకోసారి వాళ్లింటికి వెళ్లాలన్నమాట. అయితే ఇచ్చేటప్పుడు “మీకోసం నలభై మూడు ప్రార్థనలు చేశాం” అని లెక్క చెప్పొద్దు.

నలుగురు చుట్టూ కూర్చుని కుడితే వారంలో అయిపోతుంది. కానీ రెండు జాగ్రత్తలు. ఒకటి, నలుగురి కుట్లూ నాలుగు రకాలుగా ఉంటాయి, ఉండనివ్వండి. చూపు తగ్గిన పెద్దావిడ వేసిన అరంగుళం కుట్లని ఆవిడ వెళ్లాక విప్పి మళ్లీ కుట్టడం చాలాచోట్ల జరిగేదే. ఆవిడకు తెలుస్తుంది. రెండోది మాటలు. బొంత చుట్టూ కూర్చుంటే మాట దాని మీదికే, అంటే ఎవరికోసం కుడుతున్నారో ఆ మనిషి కోడలి మీదికే పోతుంది. ‘ప్రార్థన చేయడానికే చెబుతున్నా’ అని మొదలయ్యే కబుర్లు మరీనూ. వాళ్లింటి సంగతులు మీరు గమనించింది కొలత కోసం. కొలత తీసుకున్నాక ఆ మాటలు అక్కడే ఆగాలి.

అంచు

వరుసలు అయ్యాక పక్కలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. 70, 43 కొలతకు గీసి అన్ని పొరలూ కలిపి కత్తిరించండి. చుట్టుకొలత 226 అంగుళాలు. మిగిల్చిన ముక్కలోంచి నిలువుగా మూడు అంగుళాల వెడల్పు పట్టీలు నాలుగు తీస్తే 288 వస్తుంది, అతుకులకూ మూలలకూ పోగా సరిపోతుంది. పట్టీల కొసలు ఏటవాలుగా అతకండి.

పట్టీని నిలువుగా మడిస్తే అంగుళంన్నర అవుతుంది. దాని తెరిచిన అంచుని బొంత పైవైపు అంచుతో కలిపి, అర అంగుళం లోపలగా కుట్టండి. మూలకు అర అంగుళం ముందే ఆపి, పట్టీని ఏటవాలుగా పైకి మడిచి, మళ్లీ తిన్నగా కిందికి దించి రెండో పక్క మొదలెట్టాలి. ఆ మడతే మూలని చక్కటి కోణంగా నిలబెడుతుంది. చుట్టూ అయ్యాక పట్టీని వెనక్కి తిప్పి చేత్తో మడత కుట్టు వేయండి. పైన అర అంగుళం, వెనక అర అంగుళం కనిపిస్తుంది. ముందు చిరిగేది ఎప్పుడూ తలవైపు అంచే, చేతులు అక్కడే పట్టి లాగుతాయి కాబట్టి. అక్కడ రెండు వరుసలు కుట్టండి.

సిలువ గురించి చాలామంది అడుగుతారు. బొంత మధ్యలో పెద్ద సిలువ వద్దు. పరుచుకుంటే దాని మీద కూర్చోవాలి, కప్పుకుంటే కాళ్ల మీదికి వస్తుంది. నియమంగా ఉండే పెద్దవాళ్లు అందుకే దాన్ని మడిచి పెట్టెలో పెట్టేస్తారు, చలికి వణుకుతూనే. వాక్యాలు కుట్టడమూ అంతే. కావాలంటే తలవైపు మూలన రెండంగుళాల చిన్న సిలువ చాలు. ఇక పుచ్చుకునేది హిందూ కుటుంబమో ముస్లిం కుటుంబమో అయితే సిలువా వద్దు, మడతలో కరపత్రమూ వద్దు. అక్కడ బొంత బొంతగానే వెళ్లాలి.

ఇచ్చేముందు

ఎర్ర టాకాలు విప్పండి. మొదలెట్టినప్పుడు ఎన్ని సూదులు, గుండుసూదులు, పిన్నీసులు తీశారో కాగితం మీద రాసుకుని ఉండాలి. ఇప్పుడు లెక్క సరిపోవాలి. సరిపోకపోతే అయస్కాంతం బొంత మీద రెండు వైపులా అంగుళం అంగుళం తిప్పండి, అరచేత్తో నొక్కి చూడండి. మధుమేహంతో కాళ్లు తిమ్మిరెక్కిన మనిషికి సూది గుచ్చుకున్నా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. లెక్క తేలేదాకా బొంత ఇల్లు దాటకూడదు.

ఒకసారి ఉతికి ఎండలో ఆరేయండి. తాడు మీద వేలాడేస్తే తడి బరువుకి వరుసలు సాగుతాయి, మంచం మీదో పిట్టగోడ మీదో పరిచి ఆరబెట్టండి. సన్నటి ముడతలు పడతాయి, అది బొంత లక్షణమే. ఒకేచోట పెద్ద ఉబ్బు వస్తే ఆ చుట్టుపక్కల నాలుగు వరుసలు విప్పి మళ్లీ కుట్టాలి, ఇస్త్రీతో పోదు. వరుస వెంట గుడ్డ చీలుతుంటే దారం లావైందని లెక్క. అక్కడ మాసిక వేసి పల్చటి దారంతో కుట్టండి.

ఇవ్వడం

వేదిక వద్దు, బ్యానరు వద్దు, ఫొటో వద్దు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట మత్తయి 6వ అధ్యాయంలో ఉంది. వాట్సప్ గ్రూపు ఎడమచేయి కన్నా చాలా పెద్దది. మెరుపు కాగితంలో చుట్టొద్దు. మిగిలిన చీరముక్కతో సంచి కుట్టి అందులో పెట్టండి, తర్వాత ఆ సంచీ పనికొస్తుంది.

ఇద్దరికి మించకుండా ఇంటికి వెళ్లండి, భోజనాల వేళ కాకుండా. మంచం మీద పరిచి చూపించండి. “ఈ తలవైపు అంచు మీ నేరేడుపండు రంగు చీరది మామ్మగారూ, ఈ మూల చెవి చీకట్లో తెలియడానికి” అని ఏది ఎందుకు పెట్టారో చెప్పండి. తనను ఎవరో ఇంత దగ్గరగా చూశారన్న సంగతి అక్కడే తెలుస్తుంది, వేరే ప్రసంగం అక్కర్లేదు. యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో ‘చలి కాచుకొనుడి’ అని మాటతో సరిపెట్టేవాళ్లను గట్టిగానే మందలించారు. ఇక్కడ మీరు ఆ మాట అననక్కర్లేదు, బొంత అంటుంది.

ఆవిడ కాఫీ ఇస్తే తాగండి. దొడ్లో మునక్కాయలు నాలుగు కోసి చేతిలో పెడితే ‘అయ్యో వద్దండీ’ అనకుండా తీసుకోండి. పుచ్చుకోవడం రానివాళ్ల దగ్గర పుచ్చుకోవడం ఎవరికైనా కష్టమే. బొంతని రేపు మనవడికి ఇచ్చేసినా అది ఆవిడ ఇష్టం. మనవడు పసివాడైతే మాత్రం ఒక మాట చెప్పండి: ఏడాది లోపు పిల్లలకు నిద్రలో దీన్ని మీద కప్పొద్దు.

నెలరోజుల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు బొంత మంచం మీద ఉందా, పెట్టెలో ఉందా చూడండి. పెట్టెలో ఉంటే కారణం రెండిట్లో ఒకటి. ‘మంచిది, పాడవుతుంది’ అని దాచుకోవడం, లేదా బరువు. దాచుకున్నదైతే, చిరిగితే మళ్లీ కుడతామని చెప్పండి. బరువైతే తెచ్చేసుకుని మధ్యకి కోసి రెండు చిన్నవి చేసి అంచులు కట్టి ఇవ్వండి. నెలకోసారి ఎండ చూపించమని, పురుగు మందు గోళీల బదులు మడతల్లో ఎండిన వేపాకు పెట్టమని చెప్పండి. మొదటి రెండు మూడు ఉతుకుల్లో ఒకటో రెండో ముడులు వదులవుతాయి. వెళ్లేటప్పుడు సంచిలో సూది, అదే రంగు దారం పెట్టుకోండి. అక్కడే మంచం మీద కూర్చుని బిగించొచ్చు, కబుర్లు అయ్యేలోపు అయిపోతుంది.